పెన్న వచ్చిన చప్పుడు

నేను సినిమా చదువుకు మద్రాసు పోతానన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ కోప్పడలేదు. నవ్వారు. ఆ నవ్వు నాకు కోపం కంటే కష్టంగా తోచింది.

మాది ప్రొద్దుటూరు. మా నాయన బజారులో రేడియోలు బాగుచేసేవాడు. బడి వదలగానే అంగడికి పోయి, విప్పి పెట్టిన రేడియోల ముందు కూర్చోవడం నాకు అలవాటు. ఏ రేడియోలో గరగర ఎక్కడినుంచి పుడుతోందో చెవి దగ్గర పెట్టి కనిపెట్టడం నాకు ఆట. కాలేజీలో ఫిజిక్స్ తీసుకున్నది ఆ ఆట వదలలేకే. డిగ్రీ చివరి ఏడాదిలో మా లెక్చరర్ ఒకాయన, మద్రాసులో సినిమా విద్య నేర్పే కళాశాల ఒకటుందనీ, అందులో శబ్దగ్రహణానికి వేరే కోర్సు ఉందనీ చెప్పాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి కొన్నేండ్లే. రాజధాని హైదరాబాదుకు మారినా, మా వైపు వాళ్లకు పెద్ద ఆసుపత్రి అన్నా, సినిమా అన్నా ఇంకా మద్రాసే.

మా ఇంట్లో పెద్ద విషయాలన్నీ పులివెందుల మామ తేల్చాలి. ఆయన అమ్మకు అన్న. శెనక్కాయ పండించే రైతు. ఊళ్లో తగవులు ఆయన అరుగు మీదే తీరేవి. కబురు అందిన మరుసటి రోజే బస్సు దిగి, కాళ్లు కడుక్కుని, మంచం మీద కూర్చుని నన్ను పిలిచాడు.

"ఏంది మ్మే, సినిమాల్లో ఆడేదానికి పోతాండావంట?"

"ఆడేదానికి కాదు మామా. సౌండు చదువు."

"సౌండుకు చదువేంది? నోరుంటే మాటొస్తాది, చెవుంటే వినపడతాది."

"ఆ మాటను పట్టి టేపులో పెట్టల్ల మామా. దానికి చదువుండాది."

మామ నాయన వైపు తిరిగాడు. "నువ్వేమంటావు బావా?"

నాయన మాటలు తక్కువ మనిషి. స్క్రూడ్రైవర్ తుడుచుకుంటూ, "రేడియోలోనుంచి బయటికొచ్చేది నేను చూస్తాండా. అది లోపలికి పోయే దావ చూడాలని ఉండాది దానికి. పోనీ," అన్నాడు.

మామ కాసేపు ఆలోచించాడు. "అయితే నేనూ వస్తా. ఆ కాలేజీ ఎట్లుండాదో నా కండ్లతో చూస్తా. మంచిదనిపిస్తే చేర్చి వస్తా. లేకుంటే ఇద్దరం కలిసే వెనక్కొస్తాం."

యర్రగుంట్లలో రైలెక్కాం. అమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెలు, ఊరిబిండి పచ్చడి దారంతా తిన్నాం. మద్రాసులో దిగాక మామ ఎవరినీ దారి అడగలేదు. అడిగితే ఊరు తెలియనివాళ్లమని మోసం చేస్తారని ఆయన భయం. అందువల్ల చాలా దూరం నడిచాం.

కళాశాలలో శబ్దగ్రహణం చెప్పే మాస్టారు తమిళుడు. నెరిసిన జుట్టు, చొక్కా జేబులో చిన్న టార్చిలైటు. తెలుగు అర్థమయ్యేలా మాట్లాడేవాడు. మామ ఆయన ముందు నిలబడి అడిగిన మొదటి మాట: "ఈ కోర్సులో ఆడపిల్లలు ఎంతమంది ఉండారు సార్?"

"మీ అమ్మాయి చేరితే ఒకరు ఉంటారు," అన్నాడు మాస్టారు.

మామ ముఖం మారిపోయింది. మాస్టారు వాదించలేదు. "రండి, చదువు ఏమిటో చూసి పొండి," అని మమ్మల్ని రికార్డింగు గదిలోకి తీసుకుపోయాడు. గోడలకు మెత్తలు కొట్టిన గది. మామను మైకు ముందు కూర్చోబెట్టి ఏదైనా మాట్లాడమన్నాడు.

"ఏం మాట్లాడల్ల?"

"మీ ఊరిలో వానలు ఎట్లా ఉన్నాయి?"

అంతే. మామ మొదలుపెట్టాడు. రెండేండ్లుగా వాన మొహం చాటేసిన సంగతి, బావి అడుగుకు పోయిన సంగతి, పక్క చేను ఆయన గట్టు జరిపిన సంగతి, ఆ తగవు తను తీర్చిన సంగతి. మాస్టారు చేయి ఎత్తినా ఆగలేదు. టేపు అయిపోయాక ఆగాడు. మాస్టారు దాన్ని వెనక్కి తిప్పి వినిపించాడు.

మామ ఉలిక్కిపడి గదంతా చూశాడు. "ఎవురిది?"

"మీదే."

"నాది కాదు సార్. ఇంత బండగా ఉండాదే! నేనిట్ల మాట్లాడతానా మ్మే?"

"ఇట్లనే మాట్లాడతావు మామా."

మామ ఆ గొంతును చివరిదాకా విన్నాడు. బయటికొచ్చి వరండాలో కుళాయి కింద ముఖం కడుక్కున్నాడు. తువ్వాలుతో తుడుచుకుంటూ, "పంచాయితీలో నాకు ఎవురూ ఎదురు చెప్పకపోతే, న్యాయం చెప్తాండాననుకుంటి. భయపడతాండారేమో పాపం!" అన్నాడు. రైలు ఎక్కే ముందు, "చేరు. ఆడపిల్లవు ఒక్కదానివైతే ఏం? ఎవురన్నా నవ్వితే నవ్వనీ. మన పని మనది," అని చెప్పి పోయాడు.

నిజంగానే నవ్వారు. మా క్లాసులో తెలుగువాళ్లు కొంతమంది ఉన్నారు. అందరూ కోస్తా వైపు వాళ్లు. నేను "యాడ", "శానా" అన్నప్పుడల్లా ఒకరినొకరు చూసుకునేవారు. అన్ని కోర్సుల వాళ్లనూ కలిపి చెప్పే మొదటి పాఠాల్లో ఒకనాడు మాస్టారు ఒక్కొక్కరినీ మైకు ముందు ఏదైనా మాట్లాడమన్నాడు. నేను జాగ్రత్తగా పుస్తకంలో భాష మాట్లాడాను. మాస్టారు టేపు ఆపేశాడు.

"మీ మామ ఈ గదిలో ఎంత బాగా మాట్లాడాడు! మీరు ఎందుకు భయపడుతున్నారు? ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడండి."

నేను మా అమ్మ రొట్టె తట్టడం గురించి మా మాటల్లో చెప్పాను. వెనక నవ్వులు. క్లాసు అయ్యాక, కెమెరా చదివే కృష్ణాజిల్లా అబ్బాయి ఒకడు దగ్గరికొచ్చి, "ఏమీ అనుకోకండి, మీది తెలుగేనాండీ?" అన్నాడు.

"తెలుగే. మీరు ఇస్త్రీ చేసినారు, మేము ఉతికి ఆరేసినాం. అంతే," అన్నాను.

అతను పగలబడి నవ్వాడు. ఈసారి ఆ నవ్వులో నేనూ కలిశాను. ఆ తర్వాత మేము మంచి స్నేహితులమయ్యాం. నా మైకు తీగలు చుట్టడంలో అతను సాయం పట్టేవాడు, అతని కటకాలు తుడిచేటప్పుడు నేను పక్కన కూర్చునేదాన్ని.

ఆ చదువు ఎట్లా ఉండేదో ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు. మొదటి కొన్ని నెలలు మాస్టారు మాతో ఖాళీ గదులు రికార్డు చేయించాడు. మనిషి లేడు, మాట లేదు, ఊరికే గది. వంటగది ఒకటి, గుమాస్తాలు ఇంటికి పోయిన ఆఫీసు ఒకటి, దర్జీ అంగడి ఒకటి. తర్వాత వాటిని కలిపేసి, ఏది ఏ గదో చెప్పమనేవాడు. మొదట అన్నీ ఒకటే అనిపించేవి. రానురాను తేడా తెలిసింది. వంటగది నిశ్శబ్దంలో ఒక గుండ్రదనం ఉండేది. దర్జీ అంగడిలో గుడ్డలు చప్పుడును తాగేసేవి. ఆ తేడా మొదటిసారి తెలిసిన రోజు నేను బస్సు ఎక్కకుండా హాస్టలు దాకా నడిచాను, దారిలో ప్రతిదీ వింటూ. ఆ సంతోషం ఎవరికి చెప్పాలో కూడా తెలియలేదు.

చివరి ఏడాది విద్యార్థులు జట్లుగా కలిసి ఒక చిన్న చిత్రం తీయాలి. మా జట్టులో దర్శకత్వం చదివే అతనిది నెల్లూరు. పెన్న సముద్రంలో కలిసే వైపు పుట్టినవాడు. పెన్నేటి మీద సినిమా తీద్దామన్నాడు. పడవలు, వంతెన, నీళ్లలో సూర్యాస్తమయం అని రాసుకొచ్చాడు.

"మా దగ్గర పెన్న అంటే ఇసుక," అన్నాను.

"ఇసుకా?"

"ఎండాకాలం పొడుగునా ఇసుకే. చెలమలు తోడుకుని తాగుతారు."

అతను నమ్మలేదు. కెమెరా అబ్బాయీ నమ్మలేదు. చూపిస్తాను రమ్మన్నాను. అట్లా మా సినిమా నెల్లూరు నుంచి జమ్మలమడుగుకు వచ్చింది.

ముద్దనూరులో రైలు దిగి బస్సులో జమ్మలమడుగు చేరాం. అక్కడ మా చిన్నమ్మ ఇల్లుంది. అబ్బాయిలిద్దరికీ మిద్దె మీద పడక. మరుసటి ఉదయం ఏటికి పోయాం. గట్టు మీదినుంచి ఆ వెడల్పాటి ఇసుకను చూసి నెల్లూరు అతను నోరు తెరిచి నిలబడ్డాడు. "ఇది కూడా అదే నదా!" అన్నాడు. ఆ మాటనే అతను తన సినిమాకు మొదటి మాటగా పెట్టుకున్నాడు.

ఏటి నడుమ ఆడవాళ్లు చెలమల దగ్గర కూర్చుని ఉన్నారు. ఇసుకలో చేత్తో తవ్విన గుంత, అందులో మెల్లగా ఊరే నీళ్లు, వాటిని కొబ్బరిచిప్పతో తోడి కడవలో పోయడం. కెమెరా పెట్టగానే ఒక అవ్వ అదిలించింది.

"ఏందప్పా అది, ఒంటికన్నుతో చూస్తాండావు? జరుగు, జరుగు. ఇసుక పడితే నీళ్లు కలకబారతాయి."

ఆమె పక్కనున్న కోడలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను టేపు యంత్రం భుజానికి తగిలించుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని మైకు పట్టుకున్నాను. అవ్వ నన్ను చూసి గొంతు తగ్గించింది.

"ఎవురి బిడ్డవు పాపా? చెవులకు ఆ గిన్నెలేంది?"

"వినేదానికి అవ్వా."

"అయ్యో, ఈ వయసుకే చెవుడా!"

కోడలు నవ్వు ఆపుకోలేక కడవ వదిలేసింది. ఆ నవ్వు, అవ్వ జాలి, చిప్ప ఇసుకకు తగిలే చప్పుడు, అన్నీ టేపులోకి పోయాయి. ఆ అవ్వ మాట్లాడుతూనే ఉండింది. కోడలిని తిట్టింది, ఎండను తిట్టింది, నాకు పెండ్లి అయిందా అని అడిగింది, కాలేదంటే చెవుడు వల్లనే అని తేల్చేసింది.

ఎండ ముదిరే వేళకు కెమెరాలో ఫిల్ము అయిపోయింది. కొత్త ఫిల్ము ఎక్కించాలంటే వెలుతురు తగలకూడదు. దానికి నల్లగుడ్డతో కుట్టిన సంచి ఉంటుంది. డబ్బాలు లోపల పెట్టి, సంచికున్న చేతుల్లోంచి మన చేతులు దూర్చి, గుడ్డివాడిలాగా తడుముకుంటూ ఫిల్ము మార్చాలి. నడుమలో చేయి బయటికి తీస్తే అప్పటిదాకా తీసిందీ, తీయబోయేదీ, అంతా పాడవుతుంది. కెమెరా అబ్బాయి గొడుగు నీడలో ఇసుక మీద కూర్చుని మోచేతుల దాకా చేతులు సంచిలో పెట్టాడు.

నేను ఈలోగా చిప్ప చప్పుడు దగ్గరగా పట్టుకుందామని మైకును ఇసుకకు ఆనించినంత కిందికి పెట్టాను. అప్పుడు ఏదో గుసగుస వినిపించింది. యంత్రంలో లోపమనుకున్నాను. తీగ కదిపి చూశాను. పోలేదు. హెడ్‌ఫోన్లు తీస్తే ఏమీ లేదు. పెట్టుకుంటే ఉంది. ఎవరో ఎండిన శెనక్కాయ కట్టెను పెద్ద మోపులు కట్టి దూరంగా ఈడ్చుకొస్తున్నట్టుగా ఉంది. క్షణక్షణానికీ పెరుగుతోంది.

"అవ్వా, ఏదో వస్తాంది," అన్నాను.

"ఏమొస్తాంది?"

"తెలీదు. ఎండుటాకులు ఈడ్చుకొచ్చినట్లుండాది. పడమటినుంచి."

అవ్వ చేతిలో చిప్ప ఆగిపోయింది. ఒక్క ఊపున లేచి, "ఏరొస్తాందే! కడవలెత్తండి! గట్టెక్కండి!" అని కేక వేసింది.

పైన ఎక్కడో వాన పడింది. మా నెత్తిన మేఘం లేదు. ఆడవాళ్లు కడవలు చంకన పెట్టుకుని గట్టువైపు పరుగు తీశారు. నెల్లూరు అతను కెమెరాను మూడుకాళ్ల స్టాండుతో సహా భుజాన వేసుకున్నాడు. కెమెరా అబ్బాయి మాత్రం లేవలేక, "చేతులు తీయలేను! తీయలేను!" అని అరుస్తున్నాడు. అవ్వ కోడలు వెనక్కొచ్చి, కడవ ఒక చంకన, అతని జబ్బ ఒక చేత్తో పట్టుకుని లేవదీసింది. నల్లసంచిలో చేతులు ఇరుక్కుపోయిన ఆ మనిషిని, బేడీలు వేసిన దొంగను తీసుకుపోయినట్టు, గట్టుకు నడిపించింది. ఆ భయంలో కూడా ఆడవాళ్లు నవ్వారు.

నేను టేపు ఆపలేదు. గట్టు మీద నిలబడి మైకును ఏటివైపు పట్టుకున్నాను. ముందు నురుగు వచ్చింది, పుల్లలు, ఆకులు దొర్లించుకుంటూ. దాని వెనక ఎర్రటి నీళ్లు. పెద్ద వరద కాదు. మోకాలి లోతు నీళ్లు ఇసుకను నాకుతూ, చెలమలు ఒక్కొక్కటే నింపుతూ వచ్చాయి. ఎండిన ఇసుక నీళ్లు తాగేటప్పుడు ఒక ఈల లాంటి చప్పుడు చేస్తుంది. అది నాకు అంతకుముందు తెలియదు. అవ్వ కొంగుముడి విప్పి ఇంత పసుపు తీసి నీళ్లలో వేసి దండం పెట్టింది.

కెమెరాలో ఫిల్ము పడేసరికి ఏరు ఈ గట్టునుంచి ఆ గట్టుదాకా పరుచుకుని ఉంది. నది వచ్చిన ఘడియ పోయింది. కెమెరా అబ్బాయి చెమటతో తడిసిన చేతులు చూసుకుంటూ, దొరికినవాళ్ల ముఖాలు తీశాడు. నీళ్లను చూస్తున్న ముఖాలు. ఎవరూ కెమెరాను పట్టించుకోలేదు.

నెల్లూరు అతను గట్టు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. "ఎన్నేళ్లు కూర్చున్నా దొరకనిది వచ్చింది. మనం తీయలేదు," అన్నాడు. నేను హెడ్‌ఫోన్లు అతని చెవులకు పెట్టి టేపు తిప్పాను. కండ్లు మూసుకుని విన్నాడు. "దీనికి బొమ్మ ఏది?" అన్నాడు చివరికి.

"లేదు."

ఆ సాయంత్రం చిన్నమ్మ పెట్టిన సంగటి ఎవరికీ సరిగా దిగలేదు.

మద్రాసులో ఎడిటింగు గదిలో రోజుల తరబడి తన్నుకులాడాం. ఎడిటింగు చెప్పే మాస్టారు, బొమ్మ లేని చోట సినిమా లేదన్నాడు. ఇంకో నది బొమ్మ తెచ్చి అతికిద్దామని కూడా ఒకరు అన్నారు. దానికి ముగ్గురం ఒప్పుకోలేదు. చివరికి కెమెరా అబ్బాయే మొహమాటపడుతూ ఒక ముక్క తీసుకొచ్చాడు. ఆ ఉదయం వెలుతురు ఎట్లా పడుతుందో చూసుకోవడానికి తీసిన ముక్క. ఉత్త ఇసుక. మనిషి లేడు. దాన్ని యంత్రం మీద పెట్టి నా టేపు దానికి జత చేశాం.

తెర మీద ఎండిన ఇసుక. అందులోంచి నది వస్తున్న చప్పుడు. పెరిగి పెరిగి, అవ్వ కేక. వెంటనే ముఖాలు.

చూడటానికి వచ్చిన మా శబ్దం మాస్టారు తన టార్చిలైటు వెలిగించి ఆర్పుతూ కూర్చున్నాడు. సంతోషం వస్తే ఆయన అట్లా చేస్తాడని మాకు తెలుసు.

పరీక్షకు వచ్చిన పెద్దాయన సినిమా చూసి అడిగాడు: "నీళ్లు వచ్చే దృశ్యం చూపకుండా ఉండాలని ఎందుకు నిర్ణయించారు?"

నెల్లూరు అతను ఏదో గంభీరమైన జవాబు మొదలుపెట్టబోయాడు. కెమెరా అబ్బాయి లేచి నిలబడి, "అప్పుడు నా చేతులు సంచిలో ఉన్నాయండీ," అన్నాడు. హాలంతా నవ్వింది. పెద్దాయన కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మేము ముగ్గురం మంచి మార్కులతో పాసయ్యాం.

జమ్మలమడుగు నుంచి చిన్నమ్మ మాటిమాటికీ కబురు పంపేది, ఏటికాడి ఆడవాళ్లు మా బొమ్మ ఎప్పుడు చూపిస్తారని అడుగుతున్నారని. కళాశాల వాళ్లను బతిమాలి కాపీ తీసుకుని వచ్చాం. ఊళ్లో టూరింగు టాకీసు యజమాని మొదట, నటులు లేని సినిమా ఎవరు చూస్తారన్నాడు. పులివెందుల మామ వచ్చి, ఆ మధ్య అలవాటు చేసుకున్న మెత్తటి గొంతుతో మాట్లాడాడు. సాయంత్రం ఆటకు ముందు వేసేదానికి యజమాని ఒప్పుకున్నాడు.

నేలతరగతి ఆడవాళ్లతో నిండిపోయింది. తమ ముఖాలు కనబడగానే కేకలు, ఈలలు. ఇసుక బొమ్మ మీద నది చప్పుడు మొదలయ్యేసరికి అందరూ గమ్మునయ్యారు. కొంతమంది తెరను వదిలేసి, ఏరుండే వైపు తల తిప్పి గుడారపు గుడ్డను చూశారు.

అవ్వ మాత్రం ఆ నేలతరగతిలో లేదు. చలికాలంలో పోయిందని నాకు ఆ రోజే తెలిసింది. సినిమా అయ్యాక కోడలు నా దగ్గరికొచ్చింది. కండ్లు తడిగా ఉన్నాయి, ముఖంలో మాత్రం వెలుగుంది.

"అక్కా, మా అత్త నన్ను తిట్టే కాడ ఇంగోసారి పెడతారా? మా ఆయప్ప బయట బండికాడ ఉండె. వినలేదు."

నేను టాకీసు యజమాని వైపు చూశాను. ఆయన ఏమీ అడగకుండా ఆపరేటరుకు చేయి ఊపాడు. ఆ మనిషిని పిలుచుకొచ్చారు. తువ్వాలు తలనుంచి తీసి చేత పట్టుకుని నిలబడి, తల్లి తన భార్యను తిట్టడం మొదటినుంచి చివరిదాకా విన్నాడు. నాకు చెవుడనే మాట దగ్గర నవ్వాడు. "మాయమ్మే," అన్నాడు. "మాయమ్మే." టిక్కెట్టు కొని వచ్చినవాళ్లు ఒక్కరూ గొణగలేదు.

ఆ ఏడే నాకు రేడియోలో పల్లెవాసుల కార్యక్రమానికి శబ్దం పట్టే ఉద్యోగం వచ్చింది. నెల్లూరు అతను, కెమెరా అబ్బాయి మద్రాసులోనే ఉండిపోయి సినిమాల్లో పనికి కుదిరారు. రేడియో వాళ్లు నన్ను మొదటి పనికి, కోత పాటలు పట్టుకురమ్మని, వీరపునాయునిపల్లె పంపారు. జొన్న కోతల కాలం. బస్సు దిగి, యంత్రం భుజాన వేసుకుని చేలగట్ల మీద నడుచుకుంటూ పోయాను. కోతవాళ్లు పాడతామన్నారు, సిగ్గుపడ్డారు, మళ్లీ పాడతామన్నారు. తీరా మొదలుపెట్టేసరికి గాలి లేచి మైకులో హోరు పెట్టింది.

"గాలి తగ్గనీ. కొంచెం నిలబడండి," అన్నాను.

కొడవళ్లు చేతుల్లోనే పట్టుకుని, వరసగా నిలబడి, వాళ్లందరూ జొన్నకంకుల వైపు చూశారు. కంకులు ఊగుతూ ఊగుతూ ఆగాయి. ఒక పెద్దామె నా ముఖంలోకి చూసి, తల ఊపి పాట ఎత్తుకుంది.